సియెనా వెళ్తే ఆ ఒక్క గదికి గంట కేటాయించండి

ఇటలీలో ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి చాలామంది పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. మేం రెండు రాత్రులు ఉన్నాం, అదే మంచిదైంది. రైలు కంటే బస్సే నయం, గంటా పావులో కొండమీది పాతూరి దాకా తీసుకెళ్తుంది. రైల్వే స్టేషనేమో కింద ఉంది, అక్కణ్ణుంచి వరసగా ఎస్కలేటర్లు ఎక్కి రావాలి. గెస్ట్‌హౌస్ శుభ్రంగానే ఉంది గానీ లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు ఎక్కేసరికి అమ్మకి మోకాళ్లు పట్టేశాయి. బుక్ చేసేముందే ఆ సంగతి అడగండి.

మేం వెళ్లిందే సియెనా చిత్రకారుడు దుచ్చో గీసిన 'మయెస్తా' అనే బలిపీఠ చిత్రం కోసం. కెథడ్రల్ మ్యూజియంలో కాస్త చీకటిగా ఉండే గదిలో పెట్టారు, తలుపులు తీయగానే వెళ్లడంతో అరగంట సేపు మేమిద్దరమే. దాదాపు 4 మీటర్ల వెడల్పు చెక్క మీద బంగారు రేకు, గుడ్డుసొన కలిపిన రంగులు. మధ్యలో సింహాసనం మీద నీలి వస్త్రంలో మేరీమాత, ఒడిలో బాలయేసు. చుట్టూ ఉన్న దేవదూతల కంటే, సెయింట్ల కంటే ఆమె ఎంతో పెద్దగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ కొలత దూరాన్ని బట్టి కాదు, మహిమని బట్టి. వెనకున్న బంగారం కూడా ఆకాశం కాదు, దైవకాంతి. దగ్గరికెళ్లి చూస్తే ముఖాల నీడల్లో పచ్చటి ఛాయ కనిపిస్తుంది, చర్మం రంగు కింద ముందు ఆకుపచ్చ మట్టిరంగు పూసేవాళ్లు.

ముందు వరసలో మోకరిల్లిన నలుగురూ సియెనాని కాపాడే సెయింట్లు. 1260లో ఫ్లోరెన్స్‌తో యుద్ధానికి ముందు ఈ ఊరు తనని తాను మేరీమాతకి అప్పగించుకుందని చెబుతారు, అది తెలిశాక వాళ్లు దేనికోసం వేడుకుంటున్నారో అర్థమవుతుంది. సింహాసనం అడుగున లాటిన్‌లో ఓ ప్రార్థన ఉంది: సియెనాకి శాంతినివ్వు తల్లీ, నిన్నిలా చిత్రించినందుకు దుచ్చోకి జీవమివ్వు అని. 1311 జూన్ 9న దుకాణాలన్నీ మూసి, గంటలు మోగిస్తూ ఊరంతా కలిసి దీన్ని కెథడ్రల్‌కి ఊరేగించింది. రెండువైపులా బొమ్మలున్న అలాంటిదాన్ని 1771లో రంపంతో కోసేశారు! వెనకవైపున్న క్రీస్తు శ్రమల దృశ్యాలు ఇప్పుడు అదే గదిలో ఎదురుగా ఉన్నాయి. మిగతా భాగాల్లో కొన్ని లండన్, వాషింగ్టన్, న్యూయార్క్ చేరాయి.

మ్యూజియం నుంచే పెద్ద గోడ పైకెక్కి ఊరంతా చూడొచ్చు, కానీ అక్కడ క్యూ ఎక్కువ, మెట్లు ఇరుకు. అమ్మ ఎక్కలేదు. నేను దిగి వచ్చేసరికి మళ్లీ ఆ గదిలోనే, మేరీమాత ఎదురుగా నిలబడి ఉంది.