రౌండ్ నెక్కా, కాలరా?

బరంపురంలో మా తాతయ్యకి రౌండ్ నెక్ టీషర్ట్ ఇప్పటికీ బనీనే. "బనీనుతో బజారుకెళ్తావేంట్రా?" అంటాడు. చరిత్ర చూస్తే ఆయన మాటే నిజం. 1913లో అమెరికా నౌకాదళం యూనిఫాం కింద వేసుకోమని ఇచ్చిన తెల్లటి లోదుస్తు అది. బొత్తాలు లేవు, తల మీంచి లాగేసుకోవడమే. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఇంటి పనులప్పుడూ దాన్నే తొడిగేవారు. 1951లో హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండో దాంతోనే తెర మీద కనబడ్డాక కుర్రకారు వదల్లేదు.

కాలర్‌ది వేరే కథ. టెన్నిస్ ఆటగాడు రెనె లాకోస్ట్ పొడుగు చేతుల చొక్కాతో విసిగి, 1926లో పొట్టి చేతుల అల్లిక చొక్కాలో ఆడాడు. 1933లో మొసలి బొమ్మతో అమ్మకానికీ పెట్టాడు.

మా ఊరి ఉక్కపోతకి ఏది మేలు? కాలర్ టీషర్ట్‌కి వాడే, గళ్లగళ్లుగా ఉండే 'పీకే' (piqué) అనే అల్లిక ఒంటికి అంత అంటుకోదు, నిజమే. కానీ మందం ఎక్కువ, వానాకాలంలో ఓ పట్టాన ఆరదు. నాలుగు ఉతుకులకే కాలర్ అంచులు అప్పడంలా మెలితిరుగుతాయి. ఇస్త్రీ టెన్షన్ అదనం. అయినా శ్రీకాకుళం నుంచి చుట్టాలొస్తే నేనూ కాలర్‌దే వెతుకుతాను. మిగతా రోజుల్లో రౌండ్ నెక్కే.

మొన్న తాతయ్యకి ఒక కాలర్ టీషర్ట్ కొనిచ్చాను. వేసుకున్నాడు, లోపల బనీను తొడిగి.