85 యూరోల వంట క్లాసు: తెనాలి కర్రీ పాయింట్ నుంచి నా రివ్యూ

నేను తెనాలిలో పద్నాలుగేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. రోజుకి తొమ్మిది రకాలు, అందులో మూడు వేపుళ్లు. అలాంటిదాన్ని డబ్బు కట్టి వంట నేర్చుకోడానికి వెళ్లమంటే నవ్వొచ్చింది. రోములో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఏప్రిల్ మొదటి వారంలో, నా పుట్టినరోజని, నన్ను అడక్కుండానే ఆన్‌లైన్లో బుక్ చేసేసింది. యూదుల ఇంట్లో, రోము యూదుల పద్ధతి వంట. నాలుగు గంటలు, నాలుగు వంటకాలు, తర్వాత అక్కడే భోజనం. మనిషికి 85 యూరోలు, అంటే మన లెక్కలో ఎనిమిదిన్నర వేలు. ఆ డబ్బుకి నేను రెండు డబ్బాల నూనె కొని ఇంకా చిల్లర వెనక్కి తీసుకుంటాను. "అమ్మా, ఇప్పుడు క్యాన్సిల్ చేస్తే డబ్బులు తిరిగి ఇవ్వరు" అంది. ఇంకేం చేస్తాను, బయల్దేరాను.

ముందు తిట్టాల్సినవి తిట్టేస్తాను. బుకింగ్ పేజీలో లిఫ్టు ఉందని రాశారు. లేదు. నాలుగో అంతస్తు, ఎనభై ఎనిమిది మెట్లు, లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఇంగ్లీషులో నేర్పిస్తారని కూడా రాశారు. నేర్పించే ఆవిడ ఇంగ్లీషు "కట్", "వెయిట్", "నో నో నో" దగ్గరే ఆగిపోయింది. మా అమ్మాయికి ఇటాలియన్ వచ్చు కాబట్టి సరిపోయింది, లేకపోతే మూగ సినిమానే. ముగ్గురు పట్టే వంటగదిలో మేం ఆరుగురం. అందులో ఒక జంట చేతికి పని అంటకుండా ఫోన్లు మా భుజాల మీద నుంచి పెట్టి వీడియోలు తీసుకున్నారు.

ఇక ఆవిడ గురించి. డెబ్బై దాటి ఉంటాయి, పొట్టి మనిషి, ఏప్రన్ జేబులో చిన్న వంకర కత్తి. ఇల్లు పాత యూదుల పేటలో కాదు, మోంతెవెర్దేలో. పియాజ్జా వెనెజియా దగ్గర 8 నంబరు ట్రామ్ ఎక్కితే వెళ్లొచ్చు. మేం వెళ్లేసరికి అలమరాలన్నీ బార్లా తీసి ఉన్నాయి. వారంలో వాళ్ల పెసహ్ పండగ. పండగ రోజుల్లో పులిసిన పిండి ఇంట్లో నలుసు కూడా ఉండకూడదట. మనం ఉగాది ముందు బూజు దులుపుతామే, అది చిన్న పని అనిపించింది. ఉన్న మైదా పండగలోపు అవగొట్టాలని మాకు ఒక వంటకం అదనంగా చేయించింది. అది మా అదృష్టం.

ఉత్త చేతుల్తో వెళ్లడం ఎందుకని పూతరేకుల డబ్బా, అరకేజీ గుంటూరు ఎండుమిర్చి పట్టుకెళ్లాను. పూతరేకులు ఆవిడ తీసుకోలేదు. బయట వంటింట్లో చేసినవి, వాళ్ల నియమాల ప్రకారం చేసినవి కావు కదా. మా అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది కానీ నాకేం అనిపించలేదు. మా అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ పొరుగింటి నుంచి వచ్చిన గిన్నె వంటింటి గడప దాటలేదు. ఎండుమిర్చి మాత్రం ముట్టుకుని, వాసన చూసి, రెండు తుంచి అప్పటికప్పుడే నూనెలో వేసింది. అక్కడే మా స్నేహం కుదిరింది.

వాళ్ల నియమం మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. మాంసం, పాలు కలవకూడదు. ఒకే పూట భోజనంలో రెండూ ఉండవు, గిన్నెలు కూడా వేరే. మన ఇళ్లల్లో నీసు గిన్నె విడిగా పెట్టడం లాంటిదే, ఇంకాస్త గట్టిగా. పంది లేదు. పొలుసు, రెక్క రెండూ ఉన్న చేపే తినాలి, కాబట్టి రొయ్య, పీత లేవు. ఆ రోజు మా భోజనంలో చేపలే కాబట్టి చివర్లో జున్నులాంటి రికోట్టాతో చేసిన తీపి తినగలిగాం. మాంసం వండి ఉంటే అది ఉండేది కాదు.

మొదటి పని ఆర్టిచోక్. ఇటాలియన్లో కార్చోఫి. మనవైపు దొరకదు. చూడ్డానికి పచ్చటి, ఊదా రంగు కలిసిన తామరమొగ్గ, ముట్టుకుంటే అరటిపువ్వు అంత మొండి. రోము చుట్టుపక్కల పండే రకానికి ముళ్లుండవు, గుండ్రంగా ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజను. అరటిపువ్వు వలిచినవాళ్లకి ఈ పని కొత్త కాదు. పైరేకులు తీసేయాలి, చేతులు నల్లబడతాయి, తరిగినది ఊరికే వదిలేస్తే అదీ నల్లబడుతుంది. మనం మజ్జిగనీళ్లలో వేస్తాం, వాళ్లు నిమ్మకాయ నీళ్లలో వేస్తారు. తేడా కత్తి దగ్గరుంది. ఆవిడ కత్తిని కదపదు, కాయని తిప్పుతుంది. బొంగరం తిరిగినట్టు తిప్పుతూ పోతే గట్టిరేకు ఎక్కడ ఆగి మెత్తరేకు ఎక్కడ మొదలవుతుందో అక్కడికే తెగుతుంది. నేను నాలుగు పాడు చేశాను. అయిదోది చూసి "బ్రావా" అంది.

తర్వాత రెండు కాయల్ని ఒకదానికొకటి కొట్టింది. రేకులు వదులవడానికట. ఉప్పు, మిరియాలపొడి రేకుల మధ్య రుద్ది, ఆలివ్ నూనెలో మునిగేలా వేసింది. ఇక్కడ నేను మంట చూశాను. సన్న సెగ. నూనె ఉడుకుతున్నట్టుంది తప్ప వేగుతున్నట్టు లేదు. పావుగంట. కాడలోకి ఫోర్కు దిగితే తీసి, తలకిందులుగా పళ్లెంలో పెట్టి చల్లారనిచ్చింది. ఆ తర్వాత ఒక్కో రేకూ చామంతి విప్పినట్టు విప్పి, ఈసారి పెద్ద సెగ మీద నూనెలోకి బోర్లా అదిమింది. రెండు మూడు నిమిషాలు. చివర్లో వేళ్లు చన్నీళ్లలో ముంచి నూనె మీద చిలకరించింది. నూనె పేలింది, వీడియోల జంట వెనక్కి దూకింది. రేకులు కరకరలాడాలంటే అదే కిటుకట. మన బజ్జీల బండివాళ్లు కట్ మిర్చికి చేసేదీ ఇదే కదా, ముందు సగం వేయించి, అడిగినప్పుడు మళ్లీ వేయించి ఇవ్వడం. నీళ్లు చల్లడం మాత్రం నేనెక్కడా చూడలేదు, మా కుర్రాళ్లకి ఎప్పటికీ చెప్పను కూడా.

బయట రేకు అప్పడంలా విరుగుతుంది, లోపలి గుండె ఉడికిన పనసగింజలా మెత్తగా ఉంటుంది. కారం లేదు, మసాలా లేదు. ఉప్పు, మిరియాలు, నూనె. నేను కారం కోసం వెతుక్కుంటానేమో అనుకున్నాను, రెండు తిన్నాక గానీ గుర్తు రాలేదు.

2018లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల (యూదు మతగురువుల) కార్యాలయం ఈ వంటకం నియమానికి సరిపడదని చెప్పిందట. మొత్తం కాయని విప్పకుండా వండితే లోపల పురుగులు ఉండొచ్చని వాళ్ల వాదన. రోము యూదులు ఊరుకోలేదు. ఈ రకం రేకులు పురుగు దూరనంత బిగువుగా ఉంటాయని వీళ్ల వాదన. ఆవిడని అడిగితే సమాధానం చెప్పకుండా ఇంకోటి నా ప్లేటులో పెట్టింది.

ఈ నూనె సంగతి వెనక కథ ఉంది. రోములో యూదులు రెండువేల ఏళ్లకి పైగా ఉన్నారు. 1555లో నాలుగో పాల్ పోప్ వాళ్లందర్నీ టైబర్ నది ఒడ్డున వరద వచ్చే ఇరుకు చోట గోడ కట్టి లోపల పెట్టాడు. రాత్రయితే గేట్లు తాళం. బట్టల్లో పాతబట్టల వ్యాపారమే చేయాలి. ఈ నిర్బంధం పూర్తిగా పోయింది 1870లోనే. చుట్టూ ఉన్న ఊరు పందికొవ్వులో వేయించుకుంటుంటే వీళ్లు ఆలివ్ నూనెలో వేయించుకున్నారు. చవకగా దొరికే ఆకుకూర, చిన్న చేప, ఎండు చేప, ఇవే సరుకు. ఆ పేట మేం పొద్దున చూసే వెళ్లాం. పోర్తికో దోత్తావియా వీధి నిండా ఇప్పుడు హోటళ్లు, బల్లల మీద ఇదే కార్చోఫి. నడుస్తుంటే రాళ్ల మధ్య చదరపు ఇత్తడి పలకలు. ఒక్కోదాని మీద ఒక పేరు, పుట్టిన ఏడు, ఎక్కడికి తీసుకుపోయారో. 1943 అక్టోబర్ 16 తెల్లవారుజామున నాజీలు ఇళ్లమీద పడి వెయ్యిమందికి పైగా యూదుల్ని ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపారు, తిరిగొచ్చింది పదహారుమంది. నేను చూసుకోకుండా ఒక పలక మీద కాలు పెట్టబోయాను, మా అమ్మాయి చెయ్యి పట్టి లాగింది. ఆవిడ దగ్గర ఆ మాట నేను ఎత్తలేదు.

రెండోది నెత్తళ్లు. అవునండీ, మన నెత్తళ్లే, అలిచోత్తి అంటున్నారు. తల గిల్లి లాగితే ముల్లు తోకదాకా వచ్చేస్తుంది. ఈ పనిలో ఎవరు ఎవరికి నేర్పాలి? అరకేజీ నేనే బొటనవేలి గోరుతో అయిదారు నిమిషాల్లో అవగొట్టాను. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి చూసింది. వాటిని ఒక పొర, కాస్త చేదుగా ఉండే ఇందీవియా ఆకు పచ్చిదే ఉప్పు రాసి ఒక పొర, మళ్లీ చేప, మళ్లీ ఆకు. గిన్నె మూత పట్టనంత ఎత్తు. పైన నూనె పోసి ఓవెన్లో పెడితే ఆకు కుంగిపోయి గిన్నెలో సగానికి వచ్చింది. చింతపండు లేకుండా నెత్తళ్లు నా గొంతు దిగవు అనుకున్నదాన్ని, చేదు ఆ పని చేసింది. బాగుంది. మళ్లీ చేస్తానా అంటే, పులుసు వదిలి చెయ్యను.

మూడోది కోంచా. అసలు నా డబ్బు వసూలైంది ఇక్కడే. పొడుగ్గా గీతలున్న రోము జుకీనీ, అంటే మన లేత దోసకాయ చుట్టం అనుకోండి, పల్చగా చీలికలు కోసి బాల్కనీలో గుడ్డ మీద ఎండబెట్టింది. వరుగులు! గలగలమనేలా కాదు, ఒక పూట ఎండ, తడి పోయేదాకా. ఎండిన ముక్క నూనె పీల్చదు, తొందరగా ఎర్రబడుతుంది. పిండి ముంచదు. వేయించినవి గాజుగిన్నెలో పరిచి, వెల్లుల్లి పలుకులు, పుదీనా, ఉప్పు, మీద వెనిగర్. మళ్లీ ఒక వరస. రాత్రంతా ఊరాలి. అందుకే మేం తిన్నది ముందురోజు చేసింది. "నాలుగు వంటకాలు చేయిస్తాం" అన్న మాట ఇక్కడ ముప్పావే నిలబడింది. అయినా ఏప్రిల్లో కాయ ఇంకా రుచికి రాలేదని, జూన్లో రావాల్సిందని ఆవిడే గొణిగింది. బ్రెడ్డు మీద పెట్టుకుని తింటుంటే నాకు పెరుగన్నం గుర్తొచ్చింది.

అదనంగా వేయించిన బక్కలా, అంటే ఉప్పుచేప, రెండ్రోజులు నీళ్లు మార్చి నానబెట్టి మైదా జారులో ముంచి వేసింది. వేడిమీద బ్రహ్మాండం, చల్లారితే తోలు. నాలుగోది తీపి, దాన్ని ఆవిడ చెయ్యలేదు, పేటలోని బోర్డు లేని పాత బేకరీ నుంచి తెప్పించింది. రికోట్టా, విషోలే అనే పుల్లటి చెర్రీలు, పైన నల్లగా మాడిన పెచ్చు. మాడిపోయిందని నేను పక్కన పెట్టబోతే "నో నో నో" అంది. పాల సరుకు అమ్మకూడదని పోప్‌లు ఆంక్ష పెడితే లోపల దాచి పెచ్చు కప్పేవాళ్లని చెప్పుకుంటారట. నిజమో కథో గానీ, ఆ చేదు పెచ్చుతో కలిపి తింటేనే తీపి మొహం మొత్తలేదు.

భోజనం దగ్గర ఆవిడ మా దేశంలో యూదులున్నారా అని అడిగింది. కొచ్చిన్ తెలుసట. మా తెనాలికి దగ్గర్లోనే, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం వాళ్లున్నారు, వాళ్లకో ప్రార్థనా మందిరం కూడా ఉంది అని చెప్పాను. ఫోర్కు కింద పెట్టి, "వాళ్లేం వండుకుంటారు?" అంది. నాకు తెలీదన్నాను. "పక్కూరు వెళ్లి చూడకుండా ఇంతదూరం వచ్చావా?" అని మా అమ్మాయి చేత అడిగించింది. సమాధానం లేదు నా దగ్గర.

వేసవిలో వస్తే వంకాయ చేస్తానంది. ఇంటికొచ్చాక మా అమ్మాయి ఫోన్లో ఒకటి చదివి వినిపించింది. ఇటలీలో పేరుమోసిన వంటల రచయిత పెల్లెగ్రినో ఆర్తుసి 1891లో రాశాడట, అప్పటికి నలభై ఏళ్ల కిందట ఫ్లోరెన్స్ బజార్లో వంకాయ కనిపించడమే గగనమని, యూదుల తిండి అని జనం నీచంగా చూసేవాళ్లని. వంకాయనా! వంకాయ మీద పద్యం చెప్పుకునే జాతి మనది. సిసిలీ యూదుల్ని స్పెయిన్ రాజు 1492లో వెళ్లగొడితే, వాళ్లు ఉత్తరానికి పోతూ వంకాయ తినే అలవాటునీ వెంటబెట్టుకుపోయారని చెబుతారు. ఇప్పుడు ఆ వంకాయ లేకుండా ఇటలీవాళ్లకి పూట గడవదు.

ఎవరు వెళ్లాలి? ఫొటోల కోసం అయితే వద్దు, పేటలో ఏ హోటల్లోనైనా ఒక కార్చోఫి కొనుక్కు తినండి, క్లాసు ఖర్చులో చిన్న వంతే. చేత్తో పని తెలిసినవాళ్లు, వేపుడు అంటే ఇష్టమున్నవాళ్లు ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య వెళ్లండి. కోంచా నేర్చుకోవాలంటే వేసవిలో. శుక్రవారం సాయంత్రం, శనివారం ఆవిడ పొయ్యి వెలిగించదు, ఆ రోజులు చూసుకోకండి. అయిదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ మెట్లు మింగేశాయి.

తెనాలి వచ్చాక వారం ఆగి, తెల్ల వంకాయలు కేజీన్నర చీలికలు కోసి డాబా మీద ఒక పూట ఎండబెట్టాను. వెనిగర్ ఆవిడ చెప్పినంతే పోశాను. మొదటిరోజు అరకేజీ మిగిలిపోయింది, రోజూ వచ్చే స్కూలు మాస్టారు ఒకరు "ఏంటమ్మా, పాడైందా?" అని అడిగారు. రెండోరోజు వెనిగర్ సగానికి తగ్గించి, వెల్లుల్లి పెంచి, పుదీనా బదులు కరివేపాకు వేయించి, ఎండుమిర్చి తుంచి వేశాను. ఒంటిగంటకల్లా గిన్నె ఖాళీ. బోర్డు మీద ఏం రాయాలో తోచక "పుల్ల వంకాయ వేపుడు" అని రాశాను.