ఏఎంటీ కారు: ఊళ్లో హాయి, ఘాట్‌లో జాగ్రత్త

ఆటోమేటిక్ కొనాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది మైలేజీ గురించి. మాన్యువల్‌తో పోలిస్తే మా చిన్న ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే రకం) కారులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో మోకాలి నొప్పి పోయింది, అది మాత్రం నిజం. కానీ ఎత్తులో ఆగినప్పుడు ఎలా, కొండ దిగేటప్పుడు ఎలా అని ఎవరూ అడగరు.

మన దేశంలో ఏఎంటీ 2014లో మారుతి సెలెరియోతో వచ్చింది. లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కి గేరు మార్చే పని మన బదులు యంత్రం చేస్తుంది, అంతే. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు కొందరు బ్రేక్ వదిలేసి, యాక్సిలరేటర్ కాస్త నొక్కి బండిని అక్కడే నిలబెడతారు. అలా నిలబెట్టినంతసేపూ క్లచ్ రాసుకుని వేడెక్కుతుంది. కొన్ని కార్లు బీప్ కొట్టి హెచ్చరిస్తాయి కూడా. బ్రేక్ తొక్కే ఆగాలి. మా కారులో హిల్ హోల్డ్ (ఎత్తులో బ్రేక్ వదిలాక బండి వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచే సదుపాయం) లేదు. అందుకే హ్యాండ్‌బ్రేక్ వేసి, యాక్సిలరేటర్ ఇచ్చి, బండి ముందుకు లాగుతోందని తెలిశాకే దించుతాను.

ఎడమ కాలికి పనేమీ లేదు, పక్కన పెట్టేయాలి. క్లచ్ అలవాటుతో ఆ కాలు బ్రేక్ మీద పడితే బండి ఠక్కున ఆగుతుంది. వెనక బైక్ వాడి సంగతి చెప్పనక్కర్లేదు.

డీ (డ్రైవ్)లో బ్రేక్ వదిలితే బండి దానంతటదే పాకుతుంది. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి గేటు తీయడానికి దిగేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి దిగితే పోయేదేముంది? చాలా ఏఎంటీల్లో పీ (పార్కింగ్ స్థానం) ఉండదు కాబట్టి, పార్కింగ్‌లో బండిని ఏ గేర్‌లో ఉంచి ఆపాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసుకోండి. పీ ఉన్న ఆటోమేటిక్ అయితే బ్రేక్ తొక్కి ఉంచి, ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, తర్వాత పీకి మార్చాలి. లేదంటే వాలులో బండి బరువంతా గేర్‌బాక్స్‌లోని చిన్న కొక్కెం మీద పడుతుంది.

అసలు పరీక్ష తిరుమల. కొండ దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో. డీలో వదిలేస్తే వేగం పెరిగేకొద్దీ గేరు పైకి మారిపోతుంది, ఇంజిన్ పట్టు తగ్గుతుంది, బ్రేక్ తొక్కుతూనే ఉండాలి. కాసేపటికి బ్రేకులు కాలిన వాసన వస్తుంది, ఆపైన అవి సరిగ్గా పట్టవు. నేను దిగడం మొదలుపెట్టకముందే ఎమ్ (మాన్యువల్, గేర్లు మనమే మార్చుకునే పద్ధతి)లోకి మార్చి, రెండో గేరులో ఉంచేస్తాను. ఇంజిన్ హోరు వినిపిస్తుంది, భయం లేదు. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లూ ఉన్నారు. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి కాలు తీస్తే పెట్రోల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఐడ్లింగ్‌కి ఖర్చవుతుంది!

శ్రీశైలం అడవి రోడ్డులో లారీని దాటాలంటే ఏఎంటీ గేరు మార్చడానికి కాస్త ఆలోచిస్తుంది. పక్క లేన్‌లోకి వచ్చాక ఆ ఆలోచన కుదరదు. అందుకని ముందే ఎమ్‌లో ఒక గేరు తగ్గించుకుంటాను. చోటు చాలదనిపిస్తే ఆగిపోతాను.

ఇప్పుడు కొనేవాళ్లకు నా సలహా: పెద్ద స్క్రీన్ వదులుకున్నా ఫర్వాలేదు, హిల్ హోల్డ్ ఉన్న వేరియంట్ తీసుకోండి.