స్పూల్ మీద 40 పౌండ్లు, బకెట్ పరీక్షలో ఎనిమిదిన్నర కిలోలు: బ్రెయిడ్ దారం కొనేవాళ్లకు హెచ్చరిక

ఆన్‌లైన్‌లో చేపలు పట్టే బ్రెయిడ్ దారం (సన్నని పేటల్ని జడలా అల్లి చేసేది) కొనబోతున్నవాళ్లు ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను కొన్న స్పూల్ మీద రాసి ఉన్నది: 0.20 మి.మీ. మందం, 40 పౌండ్ల బలం, ఎనిమిది పేటలు, 300 మీటర్లు. చేతికి వచ్చింది మాత్రం 0.35 మి.మీ. మందం, నాలుగు పేటలు, ఎనిమిదిన్నర కిలోలకే తెగే సరుకు. అసలది పీఈ (పాలిథిలిన్) కూడా కాదు. మీటర్లు కొలవలేదు, అప్పటికి ఓపిక అయిపోయింది.

జరిగింది చెప్తాను. స్పూల్ వచ్చాక పన్నెండు రోజులు అలమారులోనే ఉంది. ఇది నేను చేసిన మొదటి తప్పు, ఎందుకో తర్వాత తెలుస్తుంది. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున బాబాయ్‌తో కలిసి వెళ్లాను. ఆయన చేతిలో ఎప్పటిదో ఫైబర్ గాలపు కర్ర, తిప్పితే కిరకిరలాడే రీల్, దానికి మామూలు తంగూసు దారం, అంటే నైలాన్. నాది కొత్త కార్బన్ రాడ్, కొత్త రీల్, కొత్త బ్రెయిడ్. గంట తర్వాత మంచి చేప పట్టింది. డ్రాగ్ (చేప లాగితే దారాన్ని బిగువుగా వదిలే రీల్ బ్రేకు) పాడుతోంది, రాడ్ వంగింది, అంతా బాగానే ఉంది. చేప ఇంకోసారి లాగింది. టప్‌మని శబ్దం, రాడ్ నిటారుగా లేచింది, దారం గాల్లో తేలుతూ వెనక్కి వచ్చింది.

ముడి సరిగ్గా వేయలేదేమో అనుకున్నాను ముందు. బాబాయ్ దారం చుట్టి కొస చేతిలోకి తీసుకుని చూశారు. “ముడి దగ్గర తెగితే నీ తప్పురా. ఇది చూడు, ముడికి ఐదు మీటర్ల పైన, శుభ్రమైన నీళ్లలో తెగింది. రాయి లేదు, మోడు లేదు.” కొస కుంచెలా విచ్చుకుని ఉంది. రంగు ఆయన వేళ్లకి అంటుకుంది, ఆకుపచ్చగా. ఆ తర్వాత ఆయన ఏమీ అనలేదు. తన తంగూసుతో మూడు పట్టారు, అదే చాలు నాకు.

ఇంటికొచ్చి ఆ దారాన్ని వదల్లేదు. మీరూ చేయగలిగిన పరీక్షలే కాబట్టి వివరంగా చెప్తున్నా.

మొదటిది గ్లాసు నీళ్లు. బ్రెయిడ్ దారాన్ని పీఈ అని అమ్ముతారు కదా, అంటే పాలిథిలిన్, ఆ రకంలో బాగా గట్టిది. దాని సాంద్రత 0.97, నీటికంటే తేలిక. అందుకే నిజమైన బ్రెయిడ్ తేలుతుంది. ఒక చిన్న ముక్క కత్తిరించి, సబ్బు చేత్తో బాగా నలిపి నీళ్లలో ముంచాలి. సబ్బు ఎందుకంటే పేటల మధ్య గాలి బుడగలు ఉంటే ఏదైనా తేలుతుంది. నా ముక్క నలిపి వదిలిన వెంటనే అడుగుకి వెళ్లి కూర్చుంది. అంటే పాలిథిలిన్ కాదని తేలిపోయింది. ఇక మిగిలింది నైలానా, పాలిస్టరా? అదీ గ్లాసుతోనే తేలుతుంది. ఇంకో గ్లాసులో ఇక కరగదు అనేదాకా ఉప్పు కలపండి. ఆ నీటి సాంద్రత దాదాపు 1.2 అవుతుంది. నైలాన్ 1.14 కాబట్టి అందులో పైకి వస్తుంది, పాలిస్టర్ సుమారు 1.38 కాబట్టి మునుగుతుంది. నాది ఉప్పునీళ్లలోనూ మునిగింది. పాలిస్టర్ అన్నమాట. పాలిస్టర్ బ్రెయిడ్ చెడ్డదని కాదు. పీఈ రాకముందు నుంచీ ఉంది, ఇప్పటికీ పెద్ద రీళ్లలో అడుగు చుట్టడానికి వాడతారు. దాన్ని దాని పేరుతోనే అమ్మాలి, అంతే.

రెండోది మందం. నా దగ్గర మైక్రోమీటర్ లేదు. పెన్సిల్ మీద దారాన్ని పక్కపక్కనే, సందు లేకుండా, నొక్కకుండా ఇరవై చుట్లు చుట్టి స్కేలు పెట్టాను. 0.20 అయితే 4 మి.మీ. రావాలి. 7 వచ్చింది. బ్రెయిడ్ కొంచెం చదునవుతుంది కాబట్టి అర మిల్లీమీటరు అటూ ఇటూ ఒప్పుకుందాం. కానీ నాలుగుకీ ఏడుకీ ఉన్న తేడా అలాంటిది కాదు. దారం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, మందం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. 0.20 నుంచి 0.35కి వెళ్తే వైశాల్యం మూడు రెట్లు. మోసం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. లావు దారం చుట్టి సన్నని అంకె వేస్తారు. సన్నగా ఉండి అంత బలమా అని మనం మురిసిపోతాం.

నిజానికి అంకెలు చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. 0.20 మి.మీ. అంటే జపాన్‌వాళ్లు దారం మందానికి వేసే నంబర్లలో పీఈ 1.5 దగ్గర. ఆ మందంలో మంచి కంపెనీల దారాలు పది నుంచి పదమూడు కిలోల మధ్య బలం చూపిస్తాయి. 40 పౌండ్లంటే 18 కిలోలు. అదే మందంలో ఎవరైనా అంత చెప్తున్నారంటే మందం అబద్ధమో, బలం అబద్ధమో, నాకు దొరికినట్టు రెండూనో. కొనేముందు రెండు మూడు పేరున్న దారాల మందం, బలం పక్కపక్కన పెట్టి చూడండి, తేడా వెంటనే కనపడుతుంది.

మూడోది బకెట్. లీటరు నీళ్లు కిలో బరువు, ఇంతకంటే మంచి తూకం రాళ్లు ఎక్కడ దొరుకుతాయి? నున్నటి పైపు మీద దారం ఏడెనిమిది చుట్లు చుట్టి కొస టేపుతో అంటించాను. కింద బకెట్ పిడికి కట్టిన నున్నటి కర్రకీ అలాగే. ముడి వేయకూడదు, ముడి దగ్గర దారం బలం తగ్గుతుంది, అప్పుడు మీరు ముడిని పరీక్షించినట్టు అవుతుంది. బకెట్ నేలకి రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి, కాళ్లు దూరంగా పెట్టుకోండి. చెంబుతో కొలిచి మెల్లగా పోస్తూ వచ్చాను. ఎనిమిదో లీటరు పడగానే తెగింది. ఖాళీ బకెట్ అరకిలో. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ దాదాపు అక్కడే. అంత ఓర్పు చేపలు పట్టేటప్పుడు ఉంటే బాగుండు.

ఫోటోలన్నీ పెట్టి అమ్మినవాళ్లకి రాశాను. జవాబు: మీరు ముడి తప్పుగా వేశారు. ముడే లేని పరీక్ష వీడియో పంపాను. రెండో జవాబు: వాపసు గడువు ఏడు రోజులు, అయిపోయింది. ఆ పన్నెండు రోజుల అలమారు కథ ఇక్కడ తగిలింది. మూడోసారి రాసేసరికి ఆ సరుకు పేజీయే లేదు. తర్వాత నింపాదిగా ఆలోచిస్తే, నేను నమ్మిన వందలాది ఐదు నక్షత్రాల అభిప్రాయాల్లో ఎక్కువ “ప్యాకింగ్ బాగుంది, రంగు బాగుంది, తొందరగా వచ్చింది” అనేవే. పెట్టె విప్పిన రోజే రాసినవి. నీళ్లలో వాడి రాసినది ఒక్కటీ లేదు. కొన్ని అభిప్రాయాల్లో ఫోటోలు ఏకంగా వేరే వస్తువువి.

నీళ్లలో తక్కువ కనపడుతుందని వాడే ఇంకో రకం దారం ఫ్లోరోకార్బన్. దాని విషయంలో ఇంకో తెలివైన మాట ఉంది, దాని మీద కన్నేసి ఉంచండి: “ఫ్లోరోకార్బన్ కోటెడ్”. అంటే లోపల నైలాన్, పైన పలుచని పూత. అచ్చమైనది కావాలంటే పెట్టె మీద నూరు శాతం ఫ్లోరోకార్బన్ అని ఉండాలి, అప్పటికీ ఉప్పునీళ్ల గ్లాసు వదలొద్దు. దాని సాంద్రత సుమారు 1.78, మామూలు నీళ్లలోనే కాదు, ఉప్పునీళ్లలోనూ నేరుగా మునుగుతుంది. నైలాన్ మామూలు నీళ్లలో మునిగినా ఉప్పునీళ్లలో తేలుతుంది. కొందరు అగ్గిపుల్లతో కాల్చి చూడమంటారు. ఫ్లోరోకార్బన్ కాల్చొద్దు, ఆ పొగ విషం.

ఇక బాబాయ్ రోజూ వేసే ప్రశ్న: ఈ కొత్త సామానంతా అవసరమా? నేను ఇంతకాలం అవసరమే అని వాదించాను. ఇప్పుడూ పూర్తిగా ఆయన పక్షం కాదు. నైలాన్‌కి ముందు పట్టు, నార, గుర్రపు వెంట్రుకల దారాలతో పట్టేవాళ్లు. వాటిలో చాలావాటిని వాడిన ప్రతిసారీ ఆరబెట్టాలి, లేకపోతే కుళ్లిపోయేవి. డ్యూపాంట్‌లో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో నైలాన్ తయారు చేసింది, 1938లో కంపెనీ ప్రపంచానికి చెప్పింది. బాబాయ్ “పాతకాలం దారం” అని గర్వంగా చూపించే తంగూసు ఒకప్పుడు అందరికంటే కొత్త సామాను! ఆ మాట ఆయనకి చెప్తే నచ్చలేదు.

నిజమైన బ్రెయిడ్ గొప్పదే. సాగదు కాబట్టి దూరంలో ఎర తాకినా చేతికి తెలుస్తుంది, సన్నగా ఉంటుంది కాబట్టి దూరం పడుతుంది. నాచులో, మోడుల్లో చేపని లాగాలంటే దానికి సాటి లేదు. కానీ సాగకపోవడమే దాని బలహీనత కూడా. నైలాన్ తెగేముందు ఇరవై శాతం పైగా సాగి చేప కుదుపుని మింగేస్తుంది. బ్రెయిడ్‌తో డ్రాగ్ బిగించి ఉంచితే గాలం నోరు చించుకుని వచ్చేస్తుంది. రాయికి రుద్దుకుంటే బ్రెయిడ్ తొందరగా పోతుంది, అందుకే కొసన మీటరో రెండు మీటర్లో నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ ముక్క (లీడర్) కట్టాలి. జారుడు గుణం వల్ల రీల్ స్పూల్ మీద ఒట్టిగా చుడితే మొత్తం చుట్టే తిరిగిపోతుంది, అడుగున కాస్త నైలాన్ చుట్టుకోవాలి. నైలాన్‌కి పనికొచ్చే క్లించ్ ముడి దీనికి జారుతుంది, పాలోమార్ వేయండి, బిగించేముందు తడపండి. చేతికి చుట్టుకుని మాత్రం లాగొద్దు, చర్మం కోసేస్తుంది.

బెండు కట్టి ఒడ్డు దగ్గర ఎర వేసి కూర్చునే పట్టుకి వీటిలో ఏదీ అక్కర్లేదు. మంచి నైలాన్ చాలు. అది తడిస్తే కొంత బలం తగ్గుతుంది, ఎండలో పెళుసవుతుంది, కాబట్టి అప్పుడప్పుడూ మారుస్తూ ఉంటే సరి. అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ రికార్డు ఇచ్చేముందు దారాన్ని తడిపే పరీక్షిస్తుంది. మనమూ నైలాన్‌ని బకెట్ కట్టేముందు రెండు గంటలు నానబెడితే నిజమైన అంకె వస్తుంది. ఫ్లోరోకార్బన్ నీళ్లలో “కనపడదు” అనేది సగం నిజం. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంక�� (వక్రీభవన సూచిక) నీటికి ఎంత దగ్గరైతే దారం అంత తక్కువ కనపడుతుంది. నీటిది 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది 1.53 దగ్గర. తక్కువ కనపడుతుంది, మాయమైపోదు.

రీళ్ల మీద “13+1 బేరింగులు” లాంటి అంకెలకి పడిపోకండి. డ్రాగ్ కుదుపు లేకుండా వదులుతుందా అన్నదే చూడండి. సామాను తూచే చిన్న కొక్కెం తూకం తగిలించి, దారం అసలు బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దగ్గర వదిలేట్టు డ్రాగ్ పెట్టుకోండి. నా పొరపాటు ఇక్కడా ఉంది. స్పూల్ మీద 18 కిలోలని నమ్మి ఆరు కిలోలకి పెట్టాను. నిజంగా ఎనిమిదిన్నర కిలోల దారానికి, అదీ ముడి దగ్గర ఇంకా బలహీనంగా ఉండేదానికి, అది చాలా ఎక్కువ. అంకె అబద్ధమైతే దాని మీద పెట్టుకున్న లెక్కలన్నీ తప్పుతాయి.

ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రోజే ఒక మూర ముక్క కత్తిరించి గ్లాసులో వేయండి, గడువు లోపలే బకెట్ వీడియో తీసుకోండి. స్పూల్, పెట్టె, బిల్లు పారేయొద్దు. పనికిరాని దారాన్ని ఒడ్డున మాత్రం వదలొద్దు, పక్షుల కాళ్లకి చుట్టుకుంటుంది. చిన్న చిన్న ముక్కలు చేసి చెత్తలో వేయండి.

నేను మళ్లీ కొన్నదాని మీద 0.20 మి.మీ., 11 కిలోలు అని ఉంది. నలిపినా తేలింది. పెన్సిల్ మీద ఇరవై చుట్లు 4 మి.మీ. కంటే ఒక్క గీత ఎక్కువ. బకెట్ పదకొండో లీటరు దాటాక తెగింది.