మొత్తం ఆటా, రెండో సగమా?
హనుమకొండలో తెల్లవారుజామునే లేచి ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటలు చూసే విద్యార్థులు మొత్తం ఆట, రెండో సగం అనే రెండు రకాల అంచనా ఒప్పందాలను (ఫలితాన్ని ఊహించి డబ్బు పెట్టేవి) ఒకటిగానే భావించడం నాకు ఆందోళన కలిగిస్తుంది. మొత్తం ఆట ఫలితంపై ఒప్పందంలో విరామం నాటి ఆధిక్యం చివరిదాకా లెక్కలో ఉంటుంది. రెండో సగం ఒప్పందంలో స్కోరు సున్నా నుంచి మొదలై, మిగిలిన 24 నిమిషాల పాయింట్లే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఇరవై పాయింట్లు ముందున్న జట్టు చివరి క్వార్టర్‌లో ప్రధాన ఆటగాళ్లకు విశ్రాంతినిస్తే, ఆట గెలిచి కూడా రెండో సగం ఓడిపోవచ్చు. అదనపు సమయం కలుస్తుందో లేదో నిబంధనల్లోనే చూడాలి. 2017 సవరణతో తెలంగాణ ఆన్‌లైన్ పందేలను నిషేధించింది కనుక ఇక్కడ ఈ లెక్క కాగితం మీదే సాగాలి. అలా సాధన చేయడానికి నాకు రెండో సగమే మేలనిపిస్తుంది, ఎందుకంటే ఆరు ఫౌళ్లకు (నిబంధనలు మీరిన తప్పులకు) ఆట నుంచి బయటికెళ్లాల్సిన ఆటగాడు అప్పటికే నాలుగు చేశాడా అన్నది విరామంలోనే తెలుస్తుంది.