అమ్మ సీబీపీ, ఆ రెండు నిష్పత్తులు: మా దగ్గరి ల్యాబ్ సేవలపై సమీక్ష

ముప్ఫై ఏళ్లకు పైగా కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండిన మా అమ్మకు సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నట్టు మూడేళ్ల క్రితం స్పైరోమెట్రీలో, అంటే గొట్టంలోకి ఊది చూసే పరీక్షలో, తేలింది. అప్పటి నుంచి ఆమె రక్త పరీక్షలన్నీ ఇంటికి దగ్గరలోని ఒక ల్యాబ్‌లోనే చేయిస్తున్నాం. ఈ ఏడాది వాళ్లు 350 రూపాయల సీబీపీకి (రక్తకణాలను లెక్కించే పరీక్షకి) తోడు, అది కూడా కలిసిన 800 రూపాయల ‘ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు) ప్యాకేజీ’ మొదలుపెట్టారు. అందులో అదనంగా వచ్చేవి రెండు నిష్పత్తులు: తెల్ల రక్తకణాల్లో రెండు రకాలైన న్యూట్రోఫిల్స్‌కూ లింఫోసైట్లకూ మధ్య ఒకటి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లకూ లింఫోసైట్లకూ మధ్య ఇంకొకటి. దాన్ని రెండుసార్లు తీసుకున్నాం.

పరీక్ష చేసే తీరులో వంక పెట్టడానికి లేదు. ఉదయం ఏడింటికల్లా ఇంటికి వచ్చే అమ్మాయి, సన్నబడిపోయిన అమ్మ నరాన్ని ఒక్క ప్రయత్నంలోనే పట్టుకుంటుంది. ఊదారంగు మూత ట్యూబును గిలకొట్టకుండా నెమ్మదిగా తిప్పి కలుపుతుంది. అంతకంటే ముఖ్యమైనది, వీరి దగ్గర తెల్ల కణాలను ఐదు రకాలుగా విడదీసి లెక్కించే యంత్రం ఉంది. మూడు రకాలుగానే విడదీసే యంత్రాలలో ఇసినోఫిల్స్ అనే రకం తెల్ల కణాలు విడిగా కనిపించవు. సీఓపీడీ రోగికి పీల్చే స్టెరాయిడ్ అవసరమా కాదా అని నిర్ణయించేటప్పుడు డాక్టర్లు చూసే అంకె ఆ ఇసినోఫిల్స్‌దే: మైక్రోలీటరుకు 300 అంతకు మించి ఉంటే ఆ మందు మేలు చేసే అవకాశం ఎక్కువ, 100 కన్నా తక్కువైతే ఆ అవకాశం తక్కువ. అమ్మకు నిలకడగా ఉన్నప్పుడు తీసిన మొదటి రిపోర్టులో అది 312.

ఇబ్బంది అంతా నిష్పత్తుల దగ్గరే వచ్చింది. మొదటిసారి న్యూట్రోఫిల్స్ 58 శాతం, లింఫోసైట్లు 30 శాతం, అంటే నిష్పత్తి 1.9. వానాకాలంలో ఆయాసం ముదిరి, రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ టాబ్లెట్లు మొదలుపెట్టిన నాలుగో రోజున మళ్లీ పరీక్ష చేయిస్తే 84, 10 శాతాలు వచ్చాయి. రిపోర్టులో 8.4 అని ఎర్రటి అక్షరాలతో వేసి, పక్కన ‘తీవ్రమైన ఇన్‌ఫ్లమేషన్’ అని రాశారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మర్నాడు పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టరు) రిపోర్టు చూసి మొదట అడిగిన ప్రశ్న, ‘‘టాబ్లెట్లు ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నారమ్మా?’’ అని. రక్తనాళాల గోడలను అంటిపెట్టుకుని ఉండే న్యూట్రోఫిల్స్‌ను స్టెరాయిడ్ రక్తప్రవాహంలోకి వదులుతుందని, లింఫోసైట్లను, ఇసినోఫిల్స్‌ను తగ్గిస్తుందని, అందువల్ల ఆ 8.4లో జబ్బు వాటా ఎంతో, మందు వాటా ఎంతో విడదీసి చెప్పలేమని ఆయన వివరించారు. ప్లేట్‌లెట్ నిష్పత్తి 111 నుంచి 220కి పెరగడానికీ లింఫోసైట్లు పడిపోవడమే ప్రధాన కారణం; ప్లేట్‌లెట్లు పెరిగింది కొద్దిగానే. ఏ మందులు వాడుతున్నారని ల్యాబ్ వాళ్లు ఫారంలో ఒక్క గడి పెట్టి ఉంటే ఆ రాత్రి అంత భయపడేవాళ్లం కాదు. ఈ మాట మేనేజరు గారికి చెప్పాను. ఫారం ఇంకా మారలేదు.

ఈ నిష్పత్తులు పనికిరానివని నా ఉద్దేశం కాదు. ఇన్‌ఫెక్షన్ వచ్చినా, శరీరం తీవ్రమైన ఒత్తిడికి లోనైనా న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి కనుక, ఒకే మనిషి నిలకడగా ఉన్నప్పటి అంకెతో పోల్చి చూసుకుంటే మార్పు త్వరగా కంటికి కనబడుతుంది. కానీ న్యుమోనియా వచ్చినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా అదే అంకె పెరుగుతుంది; ఊపిరితిత్తుల జబ్బును దానితో నిర్ధారించలేం. సీఓపీడీ నిర్ధారణకు ఊది చూసే పరీక్ష తప్పనిసరి. పైగా ఆ రెండు నిష్పత్తులూ సీబీపీలో ఉన్న అంకెల భాగహారమే. ఫోన్‌లో అర నిమిషం పట్టే ఆ లెక్కకు 450 రూపాయలు తీసుకోవడం న్యాయం కాదు.

వచ్చే నెల చెకప్‌కు 350 రూపాయల సీబీపీ అక్కడే చేయిస్తాం. అమ్మ వాడుతున్న మందుల పేర్లు, మొదలుపెట్టిన తేదీలు ఒక చీటీ మీద రాసి శాంపిల్‌తో పాటు పంపుతాం.