పాత వ్యాక్యూమ్ క్లీనర్ల మెరుగుకు అర హెచ్‌పీ బఫింగ్ మెషిన్: చాలాకాలం వాడాక

పాత వ్యాక్యూమ్ క్లీనర్ మోటారు పాడైతే విజయవాడలో దిగులు పడక్కర్లేదు. ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్ట భాగం) చుట్టేవాళ్లు ఆటోనగర్‌లో కావలసినంతమంది ఉన్నారు. పైనుండే అల్యూమినియం పోతకు (పోతపోసిన తొడుగుకు) మెరుపు తేవడం మాత్రం ఎవరికి వారు చేసుకోవాల్సిన పని. బయట పాలిష్‌కిస్తే స్టీలు రెయిలింగు మీద నొక్కినట్టే దీన్నీ నొక్కుతారు, అంచులూ కంపెనీ పేరు అక్షరాలూ అరిగిపోయి వస్తాయి. అందుకే ఇంట్లో వాడుకునే బల్ల బఫింగ్ మెషిన్ గురించి రాస్తున్నాను. అర హెచ్‌పీ, సింగిల్ ఫేజ్, 2850 ఆర్‌పీఎం, 150 ఎంఎం బఫ్‌లు (మెరుగు పెట్టే గుడ్డ చక్రాలు) పట్టే రకం. కొన్నేళ్లుగా ఇదే పనికి వాడుతున్నది.

ముందు వేగం సంగతి. 150 ఎంఎం బఫ్ అంచు సెకనుకు సుమారు 22 మీటర్లు తిరుగుతుంది. అల్యూమినియానికి ఇది సరిపోతుంది, చేతికి లొంగుతుంది కూడా. బఫ్ అరిగి 110 ఎంఎంకి వచ్చేసరికి ఆ వేగం 16 మీటర్లకు పడిపోతుంది. అప్పుడు మెరుపు రావడం లేదని గట్టిగా నొక్కుతారు, లోహం వేడెక్కి నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా కనిపిస్తుంది. అరిగిన బఫ్‌ను చిన్న మూలలకు ఉంచుకుని పెద్ద భాగాలకు కొత్తది వేసుకోవడమే దారి. బఫ్‌లు బిగించే ఇరుసు, అంటే స్పిండిల్, ఒకవైపు కుడి మర, రెండోవైపు ఎడమ మర. బఫ్‌లు మార్చేటప్పుడు ఇది గుర్తుంటే చాలు, ఏదీ వదులవదు.

మెరుపులో ముప్పావు వంతు మెషిన్ దగ్గరికి రాకముందే తేలిపోతుంది. పాత పోతల మీద చాలాసార్లు పారదర్శకమైన లక్కపూత ఉంటుంది. దాన్ని థిన్నర్ గుడ్డతో తీసేయాలి. పేరు పలక మీద రంగు ఉంటే థిన్నర్ తగలకుండా ముందే టేపు వేయాలి. తర్వాత సబ్బునీళ్లతో వాటర్ పేపర్: 320, 400, 600, 800, 1000. ఒక్కో నంబరుకూ రుద్దే దిశను అడ్డంగా మార్చాలి. ముందు నంబరు గీతలు ఒక్కటి కూడా మిగలకుండా పోయాకే తర్వాతిది పట్టుకోవాలి. 400 గీత ఒకటి మిగిలితే 1000 దానిని దాచదు, బఫ్ దానిని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. నంబరు మారేటప్పుడు నీళ్లు కూడా మార్చాలి. పాత నీళ్లలోని ముతక రేణువు ఒక్కటి చాలు, వెనక్కి వెళ్లి మళ్లీ రుద్దాల్సి వస్తుంది. ఇంట్లో ఉందని కాస్టిక్ సోడా కలిసిన క్లీనర్ వాడొద్దు, అది అల్యూమినియాన్ని తినేసి నల్లగా చేస్తుంది.

మెషిన్ మీద ముందు కుట్టు బఫ్, దానికి బ్రౌన్ బార్ (బఫ్‌కు పట్టించే పాలిష్ ముద్ద). ఆ తర్వాత కుట్టులేని వదులు బఫ్, దానికి వైట్ బార్. ఒక బఫ్‌కు ఒక బారే, కలపకూడదు. బారును తిరిగే బఫ్‌కు ఒకటి రెండు సెకన్లు తాకిస్తే చాలు. ఎక్కువైతే లోహం మీద నల్లటి జిడ్డు గీతలు పడతాయి. అప్పుడు పాత హాక్సా బ్లేడు పళ్లతో బఫ్‌ను గీకి శుభ్రం చేసుకోవాలి. వస్తువును బఫ్ మధ్య రేఖకు కిందనే తాకించాలి, అంచు మీద నుంచి బయటికి తిరిగేలా పట్టాలి. పై అంచు ఎదురుగా తగిలితే బఫ్ దానిని లాక్కుని విసిరేస్తుంది. వేలు, ముఖం, పోత మూడూ పోతాయి. ఉబ్బెత్తు అక్షరాల మీద బఫ్ అస్సలు నిలపొద్దు. వాటిని ఇయర్‌బడ్‌కు మెటల్ పాలిష్ అంటించి చేతితోనే చేయాలి.

ఏ లోహమో తెలియకుండా మొదలుపెట్టకూడదు. 1936లో వచ్చిన, అమెరికన్ డిజైనర్ హెన్రీ డ్రేఫస్ డిజైన్ చేసిన హూవర్ 150 క్లీనర్‌లో మెగ్నీషియం వాడారు, హుడ్ (పై తొడుగు) బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్‌ది. మెగ్నీషియం పొడికి నిప్పు తగిలితే నీళ్లతో ఆర్పలేం, దాన్ని ఈ మెషిన్ మీద పెట్టనే కూడదు. వెనకవైపు గీకి ఒక చుక్క వెనిగర్ వేస్తే మెగ్నీషియం బుసబుసమంటుంది, అల్యూమినియం అలా అనదు. అల్యూమినియం పొడికీ నిప్పుతో పడదు కాబట్టి, ఇదే స్పిండిల్ రెండోవైపు రాయి చక్రం బిగించి ఇనుము రుద్దే అలవాటు మానుకోవాలి. పైగా ఇనుప రేణువు బఫ్‌లో చేరితే ప్రతి పోత మీదా గీత వేస్తుంది. మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. చేతి గ్లవ్స్ వద్దు, బఫ్‌కు చిక్కుకుంటాయి.

క్రోమ్ భాగాలకు ఈ మెషిన్ అవసరం తక్కువ. క్రోమ్ పొర ఒక మైక్రాన్‌కన్నా పలచన, బ్రౌన్ బార్ దానిని తొలగించేసి కింది నికెల్‌ను పసుపుగా చూపిస్తుంది. లేచిపోయిన క్రోమ్‌ను ఏ పాలిషూ బాగు చేయదు, మళ్లీ పూత వేయించాల్సిందే. బేకలైట్ పైన రెసిన్ పొర ఉంటుంది. దాన్ని తీసేస్తే లోపలి రంపపు పొడి కనిపించి నిస్తేజంగా మారుతుంది, కాబట్టి వదులు బఫ్‌తో లేతగా తాకించి వదిలేయాలి. 1982లో యురేకా ఫోర్బ్స్ మొదలైన తర్వాత మన ఇళ్లకు చేరిన ప్లాస్టిక్ క్లీనర్లకైతే బఫ్ వద్దే వద్దు, క్షణంలో కరిగి ముద్దవుతుంది. సబ్బునీళ్లు, ప్లాస్టిక్ పాలిష్, చేతి పని.

ఇన్నేళ్లలో ఈ మెషిన్‌లో తేలిన లోపాలు రెండే. ఒకటి కెపాసిటర్. వేసవిలో వోల్టేజి పడిపోయినప్పుడు పదేపదే స్టార్ట్ చేస్తే బలహీనపడి, మోటారు గుయ్యిమంటుంది తప్ప తిరగదు. దాని మీద రాసిన మైక్రోఫారడ్ విలువకే, అదే వోల్టేజీకి కొత్తది తెస్తే సరి. గవర్నర్‌పేట ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగి చూడొచ్చు. రెండోది బేరింగులు. బఫ్ నుంచి ఊడే నూలు, బారు పొడి లోపలికి పోయి గ్రీజును ముద్ద చేస్తాయి. షీల్డు ఉన్న బేరింగు తీసి రెండువైపులా రబ్బరు సీలు ఉన్నది వేయిస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది. పావు హెచ్‌పీ మెషిన్ చౌకగా వస్తుంది కానీ వస్తువు ఆన్చగానే వేగం తగ్గుతుంది, దాన్ని కొనమని ఎవరికీ చెప్పను.

మెరిసే తొడుగును బిగించి ప్లగ్ పెట్టే ముందు మోటారు చూడాలి. బఫ్ నూలు, పొడి లోపల చేరితే కమ్యుటేటర్ (కార్బన్ బ్రష్‌లు తాకే రాగి భాగం) మీద నిప్పురవ్వలు వస్తాయి, కాబట్టి బఫ్ చేసేటప్పుడు మోటారు విడిగా ఉండాలి. కార్బన్ బ్రష్‌లు మూడో వంతుకు అరిగితే జతగా మార్చాలి. పాత గుడ్డ వైరు రబ్బరు లోపల పగిలి ఉంటుంది. మూడు తీగల కొత్త వైరు వేసి ఎర్త్‌ను లోహపు తొడుగుకు బిగించి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పరీక్ష చేయించాలి. రీడింగు 2 మెగాఓమ్‌ల కన్నా తక్కువ వస్తే కరెంటివ్వొద్దు. అమెరికా నుంచి వచ్చిన 110 వోల్టుల క్లీనరైతే దాని వాట్లకు ఒకటిన్నర రెట్లున్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఏసీ, డీసీ రెండింటికీ పనిచేసే సీరీస్ మోటారు కాబట్టి మన 50 హెర్ట్జ్ దానికి అడ్డుకాదు.

ఆఖరి పూత కార్నౌబా మైనం. గోరువెచ్చటి సబ్బునీళ్లతో బారు జిడ్డంతా కడిగి, పూర్తిగా ఆరాక పలచగా రాయాలి. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ, మైనం లేని అల్యూమినియం ఒక్క వానాకాలంలోనే మసకబారుతుంది. వానలు మొదలయ్యేముందు ఒకసారి, తగ్గాక ఒకసారి రాస్తే బఫ్ మళ్లీ పట్టే పని ఉండదు.